మీకు తెలుసా? పొలిమేర దాటని రుచులు

సికింద్రాబాద్ పుట్టిందే గుడారాల్లో అని మీకు తెలుసా? 1798లో నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ ఒప్పందం కుదిరాక, కంపెనీ సైన్యం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన ఉన్న ఖాళీ నేలల్లో డేరాలు వేసుకుంది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఆ దండుకు ఊరి పేరు వచ్చింది. దండు వెంట అంగళ్ళు వచ్చాయి. సైన్యానికి సరుకులు అందించే కాంట్రాక్టర్లుగా తమిళ దేశం నుంచి మొదలియార్లు, పడమటి తీరం నుంచి పార్సీలు వచ్చి స్థిరపడ్డారు. ఊరి వంటింట్లోకి తలా ఒక రుచి చేరింది.

ఇప్పుడు ఆ ఊరి నుంచే ఇళ్ళలాంటి బండ్లు బయల్దేరుతున్నాయి. సినిమా షూటింగుల దగ్గర తారలు సేదతీరే బండిగానే మనవాళ్ళు చాలాకాలం ఎరిగిన కారవాన్‌ను ఇవాళ కుటుంబాలు అద్దెకు తీసుకుని ఊళ్ళు తిరుగుతున్నాయి. దాన్ని చూసినవాళ్ళు పడకలెన్ని, ఏసీ ఉందా, బాత్రూమ్ ఎలా ఉంది అని అడుగుతారు. నేను మాత్రం ముందు పొయ్యి ఎక్కడుందో చూస్తాను. తెలుగు నేల మీది మంచి రుచుల్లో చాలావాటికి ప్రయాణం పడదు. అవి సికింద్రాబాద్ మోండా మార్కెట్ దాకా రావు, వచ్చినా వాటిలో ఆ రుచి ఉండదు. ఆ ఊళ్ళోనే, ఆ నెలలోనే, అక్కడి నీళ్ళతోనే వండుకోవాలి. పొయ్యి వెంట తీసుకెళ్ళే బండికి నా దృష్టిలో అదే అసలు ప్రయోజనం.

ఇటువంటి ప్రయాణాలు మనకు కొత్తవేమీ కావు.

వందమందితో కదిలిన ఇల్లు

మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయల్దేరారు. మళ్ళీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. తల్లి, భార్య, బంధువులు, బోయీలు, పరిచారకులు కలిసి దాదాపు వందమంది. పల్లకీలు, డేరాలు, వంటపాత్రలు అన్నీ వెంటే. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాద్ చేరి, అక్కడి నుంచి నిర్మల్ దారిన నాగపూరు వెళ్ళారు. తిరుగు ప్రయాణం కలకత్తా నుంచి తూర్పు తీరం పట్టుకుని సాగింది.

దారిలో చూసినవన్నీ ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసి పంపేవారు. ఆ రాతల్ని పిళ్ళె 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించారు. తెలుగులో తొలినాటి యాత్రాగ్రంథాల్లో అది ఒకటి. చరిత్రకారులు అందులో కంపెనీ పాలన గురించి, నిజాం రాజ్యం గురించి వెతుకుతారు. నాకు నచ్చేది వేరే. ప్రతి మజిలీలో బావి ఉందా, నీళ్ళు తాగడానికి పనికొస్తాయా, అంగళ్ళున్నాయా, కూరగాయలు దొరుకుతాయా, దిగడానికి చోటుందా, ముందున్న దారి రాళ్ళదా ఇసుకదా అన్నది ఆయన ఓపిగ్గా రాసిపెట్టారు. కారవాన్‌లో తిరిగేవాళ్ళకు ఇవాళ కావలసిన సమాచారం కూడా సరిగ్గా ఇదే. ఫోన్‌లోని మ్యాపు దారి చూపిస్తుంది. ఫలానా ఊరి బోరునీళ్ళలో పప్పు ఉడుకుతుందో లేదో చెప్పదు. మీరు బయల్దేరేముందు ఆ పుస్తకం ఒకసారి తిరగేయండి, వెంట ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకోండి.

పైన మనుషులు, కింద ఒంటెలు

బండి ఆపుకోవడానికి చోటు కట్టించడం కూడా మనకు పాత పద్ధతే. గోల్కొండకు వచ్చే బిడారుల కోసం కుతుబ్ షాహీల కాలంలో కట్టిన సరాయి షేక్‌పేటలో ఇప్పటికీ ఉంది. రెండంతస్తుల కట్టడం. బాటసారులకు గదులు, ఒంటెలకు గుర్రాలకు కొట్టాలు, పక్కనే మసీదు. నగరం వదిలి వెళ్ళేముందు చూడదగిన చోటు.

ఉప్పూ ధాన్యమూ మోసిన ఎడ్లు

దక్కనులో చక్రాలు లేని కారవాన్ కూడా ఉండేది. లంబాడీలు వేల ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని కుటుంబాలతో సహా రాజ్యాలు దాటేవారు. మొగలు సైన్యాలు వాళ్ళ మీదే ఆధారపడ్డాయి. 1791–92లో టిప్పు మీదికి వెళ్ళిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు చేర్చిందీ వాళ్ళే. వాళ్ళు ఆరాధ్యుడిగా కొలిచే సేవాలాల్ మహరాజ్ 1739లో అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతంలో జన్మించారని చెబుతారు. రైళ్ళు, పక్కా రోడ్లు వచ్చాక ఎడ్ల బిడారు వ్యాపారం పోయింది. కదిలే బతుకు తండాల్లో స్థిరపడింది. తెలంగాణలో ఏ దారిన వెళ్ళినా తండాలు కనిపిస్తాయి. అక్కడ కట్టెల పొయ్యి మీద కాల్చే జొన్నరొట్టె, రోట్లో నూరిన పచ్చిమిరప కారం రుచి చూసే అవకాశం వస్తే వదులుకోకండి.

కప్పంతా అద్దమే

కారవాన్ దొరక్కపోయినా బాధపడనక్కర్లేదు. సికింద్రాబాద్–పుణె శతాబ్దికి 2022 ఆగస్టులో విస్టాడోమ్ పెట్టె తగిలించారు. పెద్ద కిటికీలు, అద్దాల కప్పు. అది నడిచే దారి కూడా సామాన్యమైనది కాదు. సికింద్రాబాద్ నుంచి వాడీ దాకా అది 1874లో వేసిన నిజాం రైలుమార్గం, ఈ ఊరికి వచ్చిన మొదటి రైలు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల అడవి వస్తుంది. మూసీ నది పుట్టేది ఆ కొండల్లోనే. నగరంలో మూసీని చూసి ముఖం తిప్పుకునేవాళ్ళు ఒక్కసారైనా వానాకాలంలో ఆ కొండల పచ్చదనం చూడాలి.

ఆ తర్వాత తాండూరు. మీకు తెలుసా, తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడి లోతైన నల్లరేగడి కింద సున్నపురాయి పొరలున్నాయి. మట్టిలో అట్టపల్గైట్ అనే బంకమన్ను ఖనిజం ఉంది. కంది రుచికి, త్వరగా ఉడికే గుణానికి ఈ నేలే కారణమని గుర్తింపు కోసం పెట్టుకున్న దరఖాస్తులో వివరించారు. అంటే ఇళ్ళల్లో పరిచే తాండూరు బండలూ, పళ్ళెంలోని పప్పూ ఒకే నేల నుంచి వచ్చినవే. కంది కోతల తర్వాత, సంక్రాంతికి అటూ ఇటూ, కొత్త పప్పు కొని ఉత్త ఉప్పూ పసుపుతో ఉడికించి తినండి. తాలింపు కూడా అక్కర్లేదంటాను నేను.

బతుకమ్మ పువ్వు కూరగా మారే చోటు

బతుకమ్మలో వరుసలుగా పేర్చే గునుగు, లేతగా ఉన్నప్పుడు మంచి ఆకుకూర అని మీకు తెలుసా? పట్నంలో చాలామందికి తెలియదు. జహీరాబాద్ పల్లెల్లో ఆడవాళ్ళందరికీ తెలుసు.

సికింద్రాబాద్ నుంచి పటాన్‌చెరు, సంగారెడ్డి దాటి ముంబయి రోడ్డున వంద కిలోమీటర్ల పైచిలుకు వెళితే జహీరాబాద్. నేల ఎర్రబారుతుంది, కొన్నిచోట్ల ఇటుకరాయి పైకి తేలి కనిపిస్తుంది. దారిలో మంజీరా. ఆ నది అభయారణ్యంలో మొసళ్ళుంటాయి, వలస పక్షులు వస్తాయి. కోహీర్ జామకాయలు కూడా ఈ దారిలోనివే. ఇవన్నీ మంచివే కానీ, ఈ నేలలోని అసలు సంపద చేలగట్ల మీద ఉంది. గునుగు, తుమ్మికూర, దొగ్గలికూర, పొనగంటి, ఇంకా ఎన్నో. ఎవరూ విత్తనం వేయరు, నీళ్ళు పెట్టరు. వాన పడగానే పంటల మధ్య వాటంతట అవే మొలుస్తాయి. కలుపుమందు కొట్టిన చేలో మాత్రం మొలవవు. కోసిన పూటే వండుకోవాలి కాబట్టి మార్కెట్‌కు రావు. వాటికి ధర లేదు గనుక పంట లెక్కల్లోనూ ఉండవు. తొలకరి పడ్డాక ఆ చేల దగ్గర బండి ఆపి, రైతు అమ్మలను అడిగి, వాళ్ళు చూపించిన ఆకే కోసుకుని వండుకోండి. తెలియని ఆకును మీ అంతట మీరు కోయకండి.

ఇక్కడే ఇంకో అద్భుతం ఉంది. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో సంఘాలుగా చేరిన పేద దళిత మహిళలు పాత విత్తనాలను దాచుకుంటూ వచ్చారు. ఏటా సంక్రాంతి సమయంలో పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్లబండ్లను అలంకరించి, వాటిలో బుట్టలకొద్దీ విత్తనాలు పేర్చుకుని, పాటలు పాడుకుంటూ ఊరూరూ తిరుగుతారు. కొర్రలు, సామలు, రకరకాల జొన్నలు, ఉలవలు, అనుములు అన్నీ బండెక్కుతాయి. దాదాపు నెల రోజులపాటు రోజుకో ఊరు. ప్రతి ఊళ్ళో విత్తనాల ముచ్చట్లు, చిరుధాన్యాల భోజనం. 2019లో ఈ మహిళల కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. అంతకుముందే, 2008లో, వాళ్ళు సంఘం రేడియో పెట్టుకుని తమ పంటల గురించి తామే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఆ బండ్ల వరుసను చూసినప్పుడు, తిండి వెతుక్కుంటూ మనం తిరగడం ఒక ఎత్తు, తిండినిచ్చే విత్తనమే ఊరేగుతూ మన ఊరికి రావడం ఇంకో ఎత్తు అనిపిస్తుంది. సంక్రాంతి సెలవులకు ఎటు వెళ్ళాలని ఎవరైనా నన్నడిగితే నేను చెప్పే మొదటి పేరు జహీరాబాదే.

27 బస్సులు

1932లో నిజాం ప్రభుత్వ రైల్వే సంస్థ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. దేశంలో ప్రభుత్వమే బస్సులు నడపడం అక్కడే మొదలైందని చెబుతారు. తెలంగాణలో మారుమూల ఊళ్ళకు కూడా బస్సు వెళ్ళే అలవాటుకు బీజం అది. కారవాన్ వెళ్ళలేని ఇరుకు దారుల్లో ఇప్పటికీ ఆర్టీసీ పల్లెవెలుగు బస్సే దిక్కు. బండిని మండల కేంద్రంలో ఆపి బస్సెక్కడం చిన్నతనమేమీ కాదు.

నాగపూరు రోడ్డు

బోయిన్‌పల్లి నుంచి మేడ్చల్ మీదుగా ఉత్తరానికి సాగే 44వ నంబరు జాతీయ రహదారి, కొద్ది తేడాలతో, వీరాస్వామి నాగపూరు వెళ్ళిన దిక్కే. కామారెడ్డి దాటాక ఆర్మూరు. ఊరు పక్కనే నవనాథ సిద్ధుల గుట్ట, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న నల్లరాళ్ళు. అక్కడికి కాస్త దూరంలో అంకాపూర్.

అంకాపూర్ దేశీ కోడి పేరు విననివాళ్ళు సికింద్రాబాద్‌లో తక్కువ. కానీ ఆ ఊరికి కోడికంటే ముందు పేరు తెచ్చింది వ్యవసాయమని చాలామందికి తెలియదు. విత్తన జొన్న, మక్క, పసుపు, కూరగాయలతో ఏడాది పొడుగునా చేలు ఖాళీగా ఉండని ఊరు అది. పంట చూడడానికి వచ్చే రైతులకూ అధికారులకూ ఇళ్ళల్లో నాటుకోడి వండి పెట్టేవారు. ఆ వంటే తర్వాత ఊరి పేరుగా మారింది. ఇప్పుడు కోడి లెక్కన చెబితే కట్టెల పొయ్యి మీద వండి, అన్నంతో సహా కట్టి ఇస్తారు. రోడ్డు పక్కన ఆడవాళ్ళు కాల్చి అమ్మే మక్క కంకులు కూడా వాళ్ళ చేలవే. చాలామంది పార్శిల్ కట్టించుకుని తిరిగి వెళతారు. అలా చేయకండి. రెండు గంటలు మూతపెట్టిన కూర వేరు, దించిన వెంటనే తిన్న కూర వేరు. బండి చెట్టు కిందకు తీసుకెళ్ళి అక్కడే తినండి.

సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్. పొనికి కర్రతో బొమ్మలు చేసే ఊరు. ఆ పైన ఘాట్ ఎక్కితే టేకు అడవులు. నేరడిగొండ దగ్గర రహదారి వదిలి లోపలికి వెళితే కుంటాల జలపాతం, కడెం వాగు సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. వానలు వెనకబట్టాక, సెప్టెంబరు అక్టోబరుల్లో అందంగా ఉంటుంది. రాళ్ళ మీద పాచి ఉంటుంది, నీళ్ళ మడుగు లోతు. దిగాలన్న కోరికను అణచుకోవాలి.

ఆదిలాబాద్ అడవుల్లో వంటకు సంబంధించిన గొప్ప ఆచారం ఒకటుంది. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. గోండుల్లోని మెస్రం వంశీయులు జన్నారం దగ్గరి హస్తినమడుగు నుంచి గోదావరి జలం మోసుకుంటూ కాలినడకన వస్తారు. కుటుంబాలు ఎడ్లబండ్లలో వచ్చి మర్రిచెట్ల కింద విడిది చేస్తాయి. వంశం ఎంత పెరిగినా, వచ్చినవాళ్ళు ఎంతమందైనా, వాళ్ళు వండుకునే పొయ్యిలు 22 మాత్రమే. కొత్త పొయ్యి వేయరు. వంతులవారీగా ఒకరి తర్వాత ఒకరు ఆ పొయ్యిల మీదే వండుకుంటారు. నిప్పు ఆరనివ్వకుండా ఒక కుటుంబం నుంచి ఇంకో కుటుంబానికి పొయ్యి అందుతుంది. తెలుగు రాష్ట్రాల్లో నేను గౌరవించే వంటశాలల్లో దానిది మొదటి వరుస. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో ఈ జాతరలో దర్బారు పెట్టడం మొదలైంది. గిరిజనుల మాట వినడానికి అధికారులే వాళ్ళ దగ్గరికి వచ్చే పద్ధతి అది, ఇప్పటికీ నడుస్తోంది.

చూడడానికి వెళ్ళేవాళ్ళు ఆ వంటల చోటికి చొరబడకూడదు. అది పూజలో భాగం. బండి జాతర బయటే ఆపి, మీ వంట మీరు చేసుకోండి. అక్కడి రుచి కావాలంటే ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు దొరుకుతాయి. ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలుతుంది. ఎండ ఎక్కకముందే ఏరి, ఆరబెట్టి, ఏడాదంతా వాడుకుంటారు. ఆ పువ్వులో సహజంగానే తీపి ఉంటుంది. పచ్చిపువ్వు వాసన ఎలా ఉంటుందో తెలియాలంటే మాత్రం ఆ నెలల్లో, ఆ వేళకు, ఆ చెట్టు కింద ఉండాలి.

చెట్టుకు సెలైన్ ఎక్కించారు

దక్షిణాన అదే 44వ రహదారి మీద షాద్‌నగర్ దాటితే బాలానగర్. దేశమంతా నర్సరీలు అమ్మే బాలానగర్ రకం సీతాఫలానికి పుట్టిల్లు ఈ పాలమూరు గుట్టలే. దసరాకు ముందు నుంచి దీపావళి దాటేదాకా రోడ్డు పక్కన గంపలు కనిపిస్తాయి. పండిన సీతాఫలం రెండు రోజులు ఆగదు, కుదుపు తగిలితే నల్లబడుతుంది. అందుకే పట్నానికి కాయగానే వస్తుంది. చెట్టున కళ్ళు విచ్చిన పండు తినాలంటే మనమే వెళ్ళాలి.

ఇంకాస్త వెళితే మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి. సుమారు ఏడు వందల ఏళ్ళ నాటిదని చెప్పే మర్రిచెట్టు, దాదాపు మూడెకరాల్లో ఊడలు దించింది. 2018లో ఆ చెట్టుకు చెదలు పట్టి కొమ్మలు కూలిపోతుంటే, మందు కలిపిన నీళ్ళను సెలైన్ సీసాల్లో నింపి కొమ్మలకు చుక్కచుక్కగా ఎక్కించారు. కింద సిమెంటు దిమ్మెలతో ఆసరా కట్టారు. చెట్టు బతికింది.

తొమ్మిదింటికి మూసే దారి

శ్రీశైలం రోడ్డున వెళ్ళేవాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగే ఈ దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తారు, ఉదయం 6కు తెరుస్తారు. రాత్రిపూట జంతువులు రోడ్డు దాటుతాయి. కారవాన్ కాబట్టి అడవిలో ఎక్కడైనా ఆపుకుని పడుకోవచ్చని అనుకోకండి. అది కుదరదు, కుదరకూడదు. రాత్రికి మన్ననూరులోనో అచ్చంపేటలోనో ఆగి, గేటు తెరవగానే బయల్దేరితే ఫర్హాబాద్ వ్యూ పాయింట్ దగ్గర పొద్దుటి నల్లమల కనిపిస్తుంది.

ఈ అడవి చెంచులది. చింతపండును చెట్టు బెరడు కాల్చిన బూడిదతో కలిపి తినే అలవాటు వాళ్ళకు ఉండేదని మీకు తెలుసా? 1943లో వచ్చిన తన పుస్తకంలో హైమన్‌డార్ఫ్ దాన్ని నమోదు చేశారు. వింటే విడ్డూరంగా ఉంటుంది కానీ లెక్క సరైనదే. బూడిదలోని క్షారం చింతపండు ఆమ్లాన్ని చల్లారుస్తుంది, పళ్ళు పులవవు, కడుపు మండదు. బయట తిండిగింజలు దొరకని రోజుల్లో చింతపండునే కడుపునిండా తినడానికి కనిపెట్టిన ఉపాయం అది. ఇవాళ మనం కొనగలిగింది గిరిజన సహకార సంస్థ అమ్మే అడవి తేనె. కొండ అంచున తాళ్ళకు వేలాడి తెచ్చిన తేనె అది. బేరమాడకుండా కొనండి.

ముంజలు, నీరా

ఎండాకాలంలో విజయవాడ రోడ్డు పట్టుకుంటే చౌటుప్పల్ దాటినప్పటి నుంచి రోడ్డు పక్కన తాటిముంజలు. కొట్టిన గంటలోపు తినాలి. నీరా ఇంకా తొందరపెడుతుంది. తెల్లవారకముందే దించి చల్లగా ఉంచకపోతే పులిసి కల్లవుతుంది. 2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున నీరా కేఫ్ తెరిచారు, సికింద్రాబాద్ వాళ్ళకు అది గుమ్మం ముందరే. అయినా చెట్టు కింద ఆకుదొప్పలో తాగిన నీరాదే పైచేయి.

బండిని ఇల్లుగా మార్చాలంటే

ఉన్న టెంపో ట్రావెలర్‌లో పడక, పొయ్యి బిగించుకుంటే చాలు కదా అని చాలామంది అనుకుంటారు. చాలదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని మీ ఇష్టానికి మార్చకూడదు. అనుమతి లేకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా చిక్కే. కారవాన్లకు ఏఐఎస్–124 అని ప్రత్యేక ప్రమాణాలున్నాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు డ్రైవరుతో సహా అద్దెకు తీసుకోవడం మేలు. కేరళ 2021లో కారవాన్ యాత్రికుల కోసం విధానం ప్రకటించి, బండ్లు ఆపే పార్కులకు ప్రోత్సాహం ఇచ్చింది. మన దగ్గర కూడా నీళ్ళు, కరెంటు, మురుగు పారబోసే వసతి ఉన్న చోట్లు దారి పొడుగునా రావాలి. అవి వచ్చేదాకా, మురుగుట్యాంకును చెరువు పక్కనో వాగులోనో ఖాళీ చేసే పాపం మాత్రం చేయకండి. ఆ నీళ్ళతోనే ఆ ఊరు వండుకుంటుంది.

గోదావరికి ఎదురీదే చేప

పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు గోదావరి జిల్లాల్లో. పులస నిజానికి సముద్రపు చేప. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి బంగాళాఖాతం నుంచి నదిలోకి వస్తుంది. ప్రవాహానికి ఎదురీదే కొద్దీ ఒంట్లో ఉప్పు తగ్గి రుచి మారుతుంది. సముద్రంలో పట్టినప్పుడు దాన్నెవరూ అంతగా పట్టించుకోరు. అదే చేప మంచినీళ్ళలో కొన్ని మైళ్ళు ఈదితే వేలంపాటలో అమ్ముడవుతుంది. యానాం, కోనసీమ రేవుల్లో ఆ పాటలు చూసి తీరాలి. బెంగాలీలు ప్రాణం పెట్టే ఇలిష్ కూడా ఇదే జాతి.

కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. ఇతర రాష్ట్రాల నుంచి మంచులో వచ్చే ఇదే జాతి చేప ఇలసను పులసని అమ్మేవాళ్ళున్నారు. రేవులో వల నుంచి దిగినదే కొనాలి. తెచ్చాక తొందరపడకూడదు. మట్టిదాకలో, సన్నని సెగ మీద, చింతపండు పులుసులో బెండకాయలు వేసి నిదానంగా కాయాలి. ఆ పూటే తినకుండా తెల్లారేదాకా ఉంచితే పులుసు ముక్కకు పడుతుంది. హోటల్లో దిగినవాళ్ళకు ఈ రాత్రి నిరీక్షణ సాధ్యం కాదు, కారవాన్ ఉన్నవాళ్ళకు సాధ్యం. ముళ్ళు చాలా ఎక్కువ, పిల్లలకు పెట్టేవాళ్ళు వలిచి పెట్టాలి.

పులుసు ఊరుతుండగా ఆత్రేయపురం వెళ్ళి రావచ్చు. 2023లో అక్కడి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, పైన పల్చని బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డతో ఒక్క తుడుపు. రెప్పపాటులో రేకు లేస్తుంది. చేసే ఆడవాళ్ళు రోజంతా ఆ సెగ ముందు కూర్చుంటారు. డబ్బాల్లో కట్టిన మిఠాయి ఎక్కడైనా దొరుకుతుంది కనుక, మీరు ఉత్త రేకులు కొనండి. బండికి తెచ్చుకుని, తడిగుడ్డ మీద పరిచి మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మీరే మడవండి.

బండి ఎక్కడ ఆపాలన్నది కూడా ఈ చేపే నిర్ణయిస్తుంది. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట ఉన్నచోటే ఇప్పుడు ధవళేశ్వరం బ్యారేజీ ఉంది. పులసకు అది అడ్డుగోడ. దానికి ఎగువన పాపికొండల అందాలున్నాయి, పులస మాత్రం దొరకదు. ధవళేశ్వరం దిగువన, రావులపాలెం నుంచి యానాం దాకా ఉన్న గోదావరి పాయల ఒడ్డునే మజిలీ వెతుక్కోండి. వరద హెచ్చరిక ఉన్న రోజుల్లో గట్టు దిగకుండా ఊళ్ళోనే ఆపండి.